మూడువందల నలభై

వేల్స్‌లో, పలకరాతి కొండ అడుగున
నా టీ బండికి చక్రాలున్నాయి గానీ
పదకొండేళ్ళుగా అది కదల్లేదు.
నేనూ అంతే.

శనివారం పొద్దున్నే మాంచెస్టర్ నుంచి కార్లొస్తాయి.
కార్ల నెత్తిన సైకిళ్ళు,
ఒక్కొక్కటీ నా ఏడాది అద్దె.
మా నాన్న గ్విలిమ్ పలకలు చీల్చిన కొండ మీంచి
కేకలేస్తూ బురదలో జారి వచ్చి
నా ముందు ఆగి, కప్పు చుట్టూ వేళ్ళు చుట్టి
సైకిళ్ళ జబ్బులు చెప్పుకుంటారు.
నేను పాలు పోస్తూ వింటాను.
వినడానికి ఎవరూ డబ్బులడగరు.

"చవగ్గా వస్తోందని రెండు స్ప్రింగులది కొన్నాను,
మూడోవారానికే వెనక కీలు కిర్రుమంటోంది."
ఈ మాట ఎంతమంది అన్నారో
చక్కెర డబ్బా మూత మీద గీతలు పెట్టాను.
పంతొమ్మిది.

టీపొడి వెనక ఇంకో డబ్బా ఉంది.
మొన్నటికి అందులో మూడువందల నలభై పౌండ్లు.
నాకేమో నలభై ఏడేళ్ళ మోకాళ్ళు.
ఇంకా దాస్తూ కూచుంటే
డబ్బా నిండుతుంది, మోకాళ్ళు ఖాళీ అవుతాయి.

బుధవారం బండికి తాళం వేసి బస్సెక్కాను.
దుకాణం కుర్రాడి పేరు డైనియోల్.
అద్దం వెనక నారింజరంగు సైకిలు,
ముందో స్ప్రింగు, వెనకో స్ప్రింగు,
మూడువందల ఇరవై తొమ్మిది.
పోటీకి తెచ్చిన పొట్టేలుని నిమిరినట్టు
దాని సీటు నిమిరాడు.
చేత్తో ఎత్తి చూశాను,
వానలో తడిసిన గొర్రె బరువు.
వెనక చక్రం అటూ ఇటూ ఊపితే
టక్, టక్.
పైన పటారం...
మిగతా సగం మింగేశాను,
కుర్రాడు నొచ్చుకుంటాడని.

"పాతవి ఉన్నాయా?"

వెనక గదిలో ఆకుపచ్చది ఒకటి.
ముందు ఫోర్కు ఒక్కటే ఆడుతుంది,
వెనక ఉత్త ఎముక.
ఎవరో పిల్ల చదువుకి పోతూ అమ్మేసిందట,
పీకేసిన స్టిక్కర్ల జిగురు ఇంకా అంటుతోంది.
ఫోర్కు కాలి మీద గోరు పెట్టి కిందికి గీశాను,
ఎక్కడా తట్టుకోలేదు.
గొలుసు సాగింది. పోనీ, అది పదిహేను పౌండ్ల బాధ.
బ్రేకుల్లో తీగ కాదు, నూనె.
ఏడాదంతా వానలో బతికే ఊళ్ళో
అలాంటి బ్రేకుకి ఒక్క వేలు చాలని
సెప్టెంబరులో బుగ్గ చీరుకున్న ఒకాయన
రెండు కేకుముక్కల మధ్య చెప్పాడు.
ముందు పళ్ళచక్రం ఒకటే.
ఒకటే ఉంటే చెడేదీ ఒకటే.
కాళ్ళ మధ్య పెట్టుకుని నిలబడ్డాను,
పైగొట్టానికీ నాకూ నాలుగు వేళ్ళ సందు.

డైనియోల్ కళ్ళు చిట్లించాడు,
"ఇదివరకు తొక్కేవారా?"
"లేదు. పోసేదాన్ని."

రెండువందల ఎనభై అన్నాడు.
మంచం పొడుగెంతో తెలిసిన కాళ్ళు నావి.
రెండువందల నలభై ఐదు, గొలుసు నువ్వే వెయ్యి, అన్నాను.
కొండ తవ్విన ఇంటి పిల్లని,
ఎలుక చేతిలో పెడితే ఊరుకుంటానా?
గొణుక్కుంటూ వేశాడు.

తలకి మాత్రం కొత్త హెల్మెట్,
అక్కడ బేరమాడలేదు.
రెండు ట్యూబులు, చిన్న పంపు.
పదకొండు పౌండ్లు మిగిలాయి,
గురువారం పాలకి.

సైకిలుని బస్సువాడు ఎక్కించుకోనన్నాడు.
పద్నాలుగు మైళ్ళు.
తొక్కినంత తొక్కాను, నెట్టినంత నెట్టాను,
ఒక ఎత్తులో గోడకి ఆనుకుని
దారిన పోయే గొర్రెలకి కూడా క్షమాపణ చెప్పాను.

ఇవాళ శనివారం.
బండి మీద అట్టముక్క వేలాడదీశాను,
పది గంటలకి తెరుస్తానని.
పైన, నాన్న పనిచేసిన మెట్టు మీద
ఫ్లాస్కులో టీ నేనే పోసుకుని తాగుతున్నాను.
కింద కార్లు ఆగుతున్నాయి.
నా సైకిలుకి ఇంకా ఏ జబ్బూ లేదు.
ఒకటి వస్తే బాగుణ్ణు,
కప్పు పట్టుకుని
ఎవరికైనా చెప్పుకోవడానికి.