రెండు వేళ్ల ఎత్తు

ప్లాస్టిక్ తొడుగైనా ఒలవని సీటు మీద
ఒకుము సుద్దతో గీత గీశాడు.
"ఇక్కడిదాకా కోస్తే నీ కాళ్లు నేలకు ఆనుతాయి, అవూర్."
బొగ్గుల కుంపట్లో కత్తి ఎర్రబడుతోంది.
వద్దన్నాను.
ఇంకా పదహారు వాయిదాలున్న బండి,
కోసిన సీటుకు రేపు ధర ఎవడిస్తాడు?

కిసుములో మా అడ్డా దగ్గర
మగవాళ్లంతా సలహాలిచ్చారు:
పాటపాడే హారన్ పెట్టించు, గొడుగు కట్టించు,
చేపల బుట్టకి ఇనప చట్రం వేయించు.
నా మునివేళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదు.

పాత టైరు ముక్కతో చెప్పులకి
రెండు వేళ్ల మందం అట్ట వేయించుకున్నాను.
మూడు రోజులు పొడుగ్గా తిరిగాను.
నాలుగోనాడు గేరు కింద చెప్పు దూరలేదు.
నాలుగు రోడ్ల మలుపులో
బండీ, నేనూ, వెనక టమాటాలమ్మే ఆవిడా
నెమ్మదిగా, మర్యాదగా ఒరిగిపోయాం.

టమాటాలు ఏరుకుంటూ ఆవిడ అంది,
"దీన్ని ఎవరి కాలు కొలిచి చేశారే తల్లీ?"

ఒకుమూ, కత్తి వేడిచెయ్యి.
ముందు భాగమే.
వెనక కూర్చునేవాళ్ల మెత్తదనం ముట్టుకోకు.
కోసిన ముక్క పారెయ్యకు, ఇటివ్వు.
రేపు కొనేవాడు పొడుగైతే అతికించుకుంటాడు.
ఈలోగా
వంటింట్లో పీట మీద వేసుకుంటాను.