తేమ

మీట నొక్కి నెల్బా పొయ్యి మీద నీళ్ళు పెడుతుంది.
నీళ్ళు కాగుతాయి, ఫ్లాస్కులోకి దిగుతాయి,
సొరబుర్రలో మాతే ఆకు నానుతుంది,
సగం ఫ్లాస్కు తాగేసరికి కూడా
తెర మీద ఆ చిన్న గుండ్రం
గానుగెద్దులా తిరుగుతూనే ఉంటుంది.

"ముప్పై ఏళ్ళు మాంటెవీడియో బస్సుల్లో టికెట్లు కొట్టాను, యమండూ.
ఇంత ఆలస్యపు బండి ఎక్కలేదు."

నేను పై అంతస్తువాణ్ణి.
మూడేళ్ళుగా ఆమె ఇంటికప్పే నా నేల.
స్క్రూడ్రైవరు జేబులో వేసుకుని
జూలై చలిలో మెట్లు దిగాను.

పెట్టె విప్పితే పిల్లి బొచ్చు, బూడిద రంగుది.
మీ పిల్లి నల్లది కదా, అన్నాను.
"అది వెనకటి పిల్లి."
పంకా రెక్కలకు చుట్టుకుని
ఇన్నాళ్ళూ అది ఇంట్లోనే తిరుగుతోంది.
బ్రష్షుతో దులిపాను. ఆమె కాగితం పట్టింది,
పొట్లం కట్టి ఎక్కడో దాచింది, నేను అడగలేదు.

ప్రాసెసరు మీది లేపనం పాత గోడసున్నంలా పెచ్చులూడింది.
తుడిచి, కందిగింజంత కొత్తది పెట్టాను.

తెల్లారగానే లేచే ప్రోగ్రాములు ఇరవైమూడు,
పెళ్ళయిపోయినా కదలని చుట్టాలు.
ఒక్కొక్కరినీ సాగనంపాను.
వాళ్ళలో ఒకటి, ఎప్పుడో అమ్మేసిన ప్రింటరును
రోజూ పొద్దున్నే పిలుస్తోంది,
ఉన్నావా, ఉన్నావా అని.
దాని దగ్గర మాత్రం చేయి కాస్త ఆగింది.

నిండుకుండ తొణకదంటారు.
నిండిన డిస్కు కదలనే కదలదు.
ఇంతగా ఏం మేసిందా అని చూస్తే
ఒకటే ఫోల్డరు, పేరు తేమ.
నాలుగువేల ఫోటోలు, ఒక్కోదానికి మూడేసి నకళ్ళు,
అన్నీ పడకగది కప్పులో ఒకే మూల.
పదకొండేళ్ళు. ఆదివారం కూడా మానలేదు.

మొదట్లో కాఫీ కప్పు అడుగంత మరక.
తర్వాత దానికి తీరాలొచ్చాయి, ద్వీపాలు,
పేరులేని ఒక నది.
కొన్నిట్లో నిచ్చెన మెట్టు మీద ఎవరిదో ఒట్టి పాదం,
మడమ మీద సున్నపు చుక్కలు.
"రంగులవాడు. మూడుసార్లు వేశాడు.
మూడోసారి భోజనానికి ఉన్నాడు."
ఆ తర్వాత ఆకులో నీళ్ళు పోసుకుంది.

ఇవన్నీ ఎందుకమ్మా?
"కోర్టుకి. పై ఇంటి స్నానాలగది కారుతోందంటే
ఓనరు రుజువు చూపించమన్నాడు."

పై ఇల్లు.
లెక్క వేశాను, వేయకుండా ఉండలేక.
చివరి పదకొండువందల ఫోటోలూ
నా స్నానాలే.

వేగం కావాలంటే ఖాళీ చెయ్యాలి, అన్నాను,
నా గొంతు నాకే కొత్తగా వినిపించింది.
"తెలిసినవాడివి. నీ ఇష్టం" అని
వంటగదిలోకి వెళ్ళింది.
దొంగ చేతికే తాళాలు.
వేలు మీట మీద ఉంది.
పైన, నా ఇంట్లో, సరిగ్గా కట్టని కుళాయి
ఒక్కొక్క చుక్కే లెక్కపెడుతోంది.

నకళ్ళు తీసేశాను. అసలువి తీయలేకపోయాను.
కొత్త డిస్కు నా డబ్బుతోనే కొని
రాత్రంతా కూర్చుని ఎక్కించాను,
నీలం గీత కొద్దికొద్దిగా జరుగుతుంటే
నా మీది సాక్ష్యాన్ని నేనే భద్రంగా మోస్తూ.

పొద్దున మీట నొక్కింది. పదిహేడు సెకన్లు.
పొయ్యి మీద నీళ్ళు గోరువెచ్చగానైనా కాలేదు.
ముందుగా తెరిచింది ఆ ఫోల్డరునే.
బాణం మీట నొక్కి పట్టుకుంది.
మరక ఊపిరి తీసినట్టు ఉబ్బింది, తగ్గింది, ఉబ్బింది,
పాదం నిచ్చెన ఎక్కింది, దిగింది,
ఒకచోట ఆమె వేలు ఆగి, మళ్ళీ నొక్కింది.

"ఇప్పుడు బాగా తెలుస్తోంది" అంది నా వైపు చూడకుండా,
"నువ్వు పైన ఎప్పుడు దిగావో కూడా."

ఎంతివ్వమంటావు, అని అడిగింది.
తెర మీద గుండ్రం లేదు,
దాని వెనక దాక్కోవడానికి వీల్లేదు.
ప్లంబరు నంబరు వెతకండి, అన్నాను.

చప్పున దొరికింది.