నలభై మైళ్ళ అవతల

మేన్ రాష్ట్రపు తూర్పు కొసన
పొగమంచు గంట మోగించకుండానే
లోపలికొచ్చేసే మందుల షాపు నాది.
ఊరందరి నొప్పులూ నాకు పేర్లతో సహా తెలుసు.
ఇరవై ఆరేళ్ళలో
ఈ చెక్కబల్ల దాటి ఒక్కటీ బయటికి పోలేదు.

నాన్న రోజుల్లో నల్ల అట్ట పుస్తకం ఉండేది.
పోలీసులొస్తే
‘జడ్జిగారి సంతకం తెచ్చారా’ అని
కళ్ళజోడు తుడుచుకుంటూ అడిగేవాడు.
దాని తాళంచెవి అమ్మ కుట్టుమిషన్ సొరుగులో,
గుండీల కింద.

ఇప్పుడు పుస్తకం లేదు, తెర ఉంది.
రాత్రి నేను షట్టర్ దించేశాక కూడా
ఎవరో, ఎక్కడో
చదువుతూనే ఉంటారు దాన్ని.

లాబ్‌స్టర్ బోనులు లాగీ లాగీ
నడుం పడిపోయిన ఎల్డన్ థిబొడో
మొన్న మంగళవారం చీటీ తెచ్చాడు.
తెర మీద అతని పేరు పక్కన ఎర్ర అంకె.
నొక్కి చూశాను.
సగం మాత్రలు అతనివి కావు,
మూర్ఛలొచ్చే అతని కుక్కవి.
కుక్కకి ఇంటిపేరుండదు కదా,
యజమాని ఖాతాలోకే పోయాయి.

అదంతా చెప్పానా? లేదు.
‘స్టాక్ లేదు ఎల్డన్’ అన్నాను.
నా భుజం మీదుగా అల్మారాలోని సీసాని చూసి
‘సరేలే లోర్నా’ అని
ఒక చేత్తో నడుం పట్టుకుని వెళ్ళిపోయాడు.

నా సంగతీ చెప్పాలి.
పడవ ఒక్కటే ఒడ్డుకొచ్చి
తమ్ముడు రాని ఆ మార్చి నుంచీ
నాకు నిద్ర లేదు.
నా షాపులో నేనే కొనుక్కోలేక
నలభై మైళ్ళు కారు నడిపి
పక్క కౌంటీలో కొనేదాన్ని.
అక్కడి కుర్రాడు తలెత్తి నా మొహం చూసేవాడు కాదు.
ఎంత మంచివాడో!

రోడ్డుకి నలభై మైళ్ళు.
తెరకి గుమ్మమంత దూరం కూడా కాదు.

నిన్న షెరీఫ్ ఆఫీసు నుంచి వార్నమ్
దగ్గుబిళ్ళల కోసం వచ్చాడు.
వానల గురించి, చేపల ధర గురించి మాట్లాడి
వెళ్తూ వెళ్తూ, గొంతు తగ్గించి,
‘ఇప్పుడైనా నిద్ర పడుతోందా?’ అన్నాడు.

దయగానే అడిగాడు.
ఆ దయే కోసింది నన్ను.
తమ్ముడి పేరెత్తినా ఇంత నొప్పి ఉండేది కాదు.
చిల్లర రెండుసార్లు తప్పు లెక్కపెట్టాను.

అతని కారు మలుపు తిరిగాక
ఎల్డన్‌కి ఫోన్ చేశాను.
‘మందు ఉంది,’ అన్నాను.
‘ఆ రోజూ ఉంది.’

అటువైపు చాలాసేపు మాట లేదు.
కుక్క మాత్రం మొరుగుతోంది,
దాని సొంత గొంతుతో.