యాభై ఎనిమిది

కావలి దాటినాక హైవే పక్కన
రొయ్యల మేత ఫ్యాక్టరీ.
దాని వాసన నా చున్నీలో, టిఫిన్ డబ్బాలో,
ఆఖరికి నా పాస్‌వర్డ్‌లో కూడా ఉంటుంది.

నా పని యంత్రాలతో కాదు,
యంత్రాలకు చెప్పే మాటలతో.
ఒక ఫైలు. పదకొండు వందల నలభై వరుసలు.
ఎడమ పక్క పేరు, కుడి పక్క విలువ,
మధ్యలో ఈజీక్వల్టు గీతలు రెండు.
ఏ మేతకు ఎంత చేపపొడి, ఎంత సోయా,
ఆవిరి ఎంత వేడి, అచ్చు ఎంత సన్నం.
మార్చాలి, సరిచూడాలి, కంపైల్ చెయ్యాలి, నకలు తియ్యాలి.
వేలు జారితే పద్దెనిమిది టన్నులు జారతాయి.

మొన్న ఆదివారం రాత్రి
ఆవిరి వరుసలో ఎనభై అయిదు
యాభై ఎనిమిది అయింది.
నిద్రమత్తులో ఎడమ చెప్పు కుడికాలికి
తొడుక్కున్నట్టు మారిపోయాయి అంకెలు.
ఎవరి వేలో అడగొద్దు.
నాదే.

తనిఖీ ప్రోగ్రాము తలూపింది.
నలభైకీ నూటిరవైకీ నడుమ ఏదైనా దానికి సమ్మతమే.
కామా ఉందా, ఉంది. బ్రాకెట్టు మూసిందా, మూసింది.
వ్యాకరణం చూసే పంతులు
వాక్యం అబద్ధమని ఎందుకు చెబుతాడు?

కంపైల్ అయింది. సున్నా తప్పులు.
పచ్చటి అక్షరాలు.
బిట్రగుంట వైపు గూడ్సుబండి కూసింది.
టీ తాగాను.

రెండు గంటలకు బ్యాకప్ నడిచింది.
ఇక్కడొకటి, నెల్లూరు ఆఫీసులో ఒకటి,
ఎవరూ చూడని క్లౌడ్‌లో ఒకటి.
మూడు చోట్లా నా తప్పును
పట్టుచీరలా మడతపెట్టి దాచింది.
కొత్తది రాగానే పాతది తుడిచెయ్యమని
పోయిన నెల, డిస్కు నిండిందని,
రాసిపెట్టింది కూడా నేనే.

ఆరింటికి మస్తానయ్య వచ్చాడు,
చేతిలో స్టీలు గ్లాసు.
ఇరవై రెండేళ్ళుగా షిఫ్టుకొక గ్లాసు నీళ్ళు,
అందులో గుప్పెడు మేత,
ఒక కన్ను గోడ గడియారం మీద.
"రెండు గంటలు నిలవాల్సింది మే,
పది నిమిషాలకే గంజయి పొయ్యుండాది.
దీన్ని గుంటలో ఏస్తే
రొయ్య తినదు, నీళ్ళు తింటాయి."

తెర చూపించాను. అంతా పచ్చగానే ఉంది కదా అన్నాను.
ఆయన తెర చూళ్ళేదు.
గ్లాసు నా కీబోర్డు పక్కన పెట్టాడు.
అడుగున మడ్డి పేరుకుంటోంది,
మెల్లగా, ఏ వాదనా లేకుండా.

మూడు నకళ్ళూ తెరిచాను.
మూడూ ఒకే మాట మీద నిలబడ్డాయి,
ముందే కూడబలుక్కున్న సాక్షుల్లాగా.

అప్పుడు తీశాడు చొక్కా లోపలి నుంచి
ఒక నోటుబుక్కు.
అట్టకి పోయినేటి క్యాలెండరు కాగితం,
లోపల చేపనూనె వేలిముద్రలు.
"వనామీ మూడో నంబరు. ఆవిరి 85.
వానల్లో 88.
పిండి తడిగా ఉంటే చెయ్యి పెట్టి చూడు."

చెయ్యి పెట్టి చూడు.
ఈ మాటకి నా ఫైల్లో గడి లేదు.

పది టన్నులు అప్పటికే లారీ ఎక్కాయి.
దగదర్తి దగ్గర డ్రైవరు
అయిదోసారికి ఫోనెత్తాడు.

ఈసారి నకలు ముందు తీశాను. తర్వాతే మార్చాను.
హద్దు బిగించాను, ఎనభైకి తగ్గితే ఒప్పుకోవద్దని.
ఆ వరుస నెత్తిన ఇంకో వరుస,
యంత్రం చదవనిది,
ముందొక చిన్న జల్లెడ గుర్తు పెట్టి:
# మస్తానయ్యని అడక్కుండా దీన్ని తాకొద్దు.
కంపైలరు దాన్ని దాటుకుని పోయింది.
సున్నా తప్పులు.

వచ్చే ఏప్రిల్లో ఆయన రిటైరు.
నోటుబుక్కు ఫొటోలు తీసుకుంటానంటే
"పేజీలు అంటుకోనుండాయి, నిదానం" అన్నాడు.
నలభై ఒకటో పేజీ దగ్గర పన్నెండు కొట్టింది.
గ్లాసులో నీళ్ళు పోసి
గుప్పెడు మేత నేనే వేశాను.

గడియారం చూస్తున్నాను.