రాగి కానిది

అజ్జరంలో గంటలు పోసే మా కొలిమికి
తుక్కు గోనెలో వచ్చిందది.
గుప్పెడు రాయి.
చేతిలో పెడితే మణికట్టు వాలిపోయింది.
రాగి రంగే, కాస్త పాలిపోయిన మెరుపు.
"మూసలో వేసెయ్యనా మావా?"

లక్కోజు సోమాచారి పలకలేదు.
పింగాణీ పెంకు వెనక, నునుపు లేని చోట గీశాడు.
రాగైతే ఎర్రటి గీత మెరవాలి,
పడింది పొయ్యిమసి.
సుత్తితో అంచున ఒక్కటేశాడు.
రాగైతే సాగేది. ఇది పెళుసు,
పెచ్చు లేచింది,
కొలిమంతా వెల్లుల్లి వాసన.
వంటింటి వైపు చూశాను.
పొయ్యి ఇంకా వెలిగించనే లేదు.

"పాషాణంరా" అన్నాడు.
రాయికీ అదే మాట, విషానికీ అదే మాట.
ఏదని అడగలేదు నేను,
మూస మీద మూత పెట్టేశాను.

రాళ్ళ చదువు చదివిన ఆయన కూతురు వారిజ
దానికి పేరు చెప్పింది: నికెలైన్.
నికెలూ ఆర్సెనిక్కూ, అంతే. రాగి రవ్వ కూడా లేదు.
ఎక్కడో కొండ కడుపులో
ఉడుకునీళ్ళు పగుళ్ళ వెంట పాకి
చల్లారుతూ చల్లారుతూ
మోయలేనిది వదిలేసి పోతాయట,
వెండి పక్కన, కోబాల్టు పక్కన.
మోయలేక గోదారి వదిలిందే కదా
మనం దున్నే నేలంతా!
బారెడు తవ్వినా ఇక్కడ రాయి తగలదు,
బంకమన్ను, ఇసుక, నత్తగుల్లలు.

పిల్లలకందకుండా చూరు కింద గూట్లో పెట్టాం.
రెండు వానాకాలాలు జల్లు కొట్టింది.
మొన్న చూద్దును కదా,
దాని ఒంటినిండా లేతాకుపచ్చ పొడి.
వేలు చాచాను.
"ముట్టకు," అంది వారిజ,
"తడి తగిలితే అది పూసే పువ్వే అది."

చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
గుమ్మం బయట, కాలవ అవతల,
అచ్చం ఆ రంగు నారే
మోకాలి లోతు నీళ్ళలో వంగి
నాటుతున్నారు.