మందు బండి

ఎర్ర ఏప్రాన్ కట్టుకున్నాను.
ముందూ వెనకా పెద్ద అక్షరాలు:
మందులిస్తున్నాను, పలకరించొద్దు.
గ్రిమ్స్‌బీలో అది చదవలేనివాళ్ళు లేరు,
పాటించేవాళ్ళూ లేరు.

రాత్రి ఎనిమిది.
చేపల రేవు వైపు నుంచి వచ్చిన పొగమంచు
వార్డు అద్దాలకి ముఖం ఆనించి చూస్తోంది.
బండి ఎడమ చక్రం మూలుగుతుంది.
ఈ వార్డులో నొప్పికి ఏమీ రాసివ్వనిది
దానికొక్కదానికే.

మొదటి మంచం. పేరు చెప్పండి, పుట్టిన తేదీ చెప్పండి.
"నిన్నటిదే, మారలేదు" అంటాడు వాల్టర్ స్టాథర్.
నలభై ఏళ్ళు ఉత్తర సముద్రంలో వలలు లాగిన వేళ్ళతో
కాగితం గిన్నెలో ఆరు మాత్రల్నీ అటూ ఇటూ తోస్తాడు
పడిన చేపల్లో పనికిరానివి ఏరుతున్నట్టు.
మింగాడా? నీళ్ళు తాగాడు. గొంతు కదిలింది.
తెల్లారి దిండు కింద మూడు దొరుకుతాయి, నాకు తెలుసు.
తాతంత మనిషిని నాలుక ఎత్తి చూపించమనడానికి
రోజూ కొత్తగా ధైర్యం తెచ్చుకోవాలి.

రెండో మంచం దగ్గర ఫోను మోగింది.
మూడో మంచం దగ్గర ఎవరిదో కూతురు,
"ఒక్క నిమిషం, సిస్టర్."
ఒక్క నిమిషాలన్నీ పోగేస్తే ఇంకో షిఫ్టు.

నాలుగులో మేవిస్ గారు గిన్నె విసిరికొట్టింది,
విషం పెడుతున్నానట.
మా భాషలో మందుకి ఎన్ని అర్థాలో ఆవిడకెలా చెప్పను?
జబ్బుకిచ్చేది మందు, సీసాలో తాగేది మందు,
తుపాకిలో కూరేదీ మందే,
అన్నంలో కలిపి మనిషిని లొంగదీసుకుంటే
దాన్నీ మందు పెట్టడమే అంటాం.
అన్నిట్లోకీ ఆ చివరి అర్థమే
ఆవిడకి ఎవరు నేర్పారో!
జామ్‌లో కలిపేద్దామంటుంది కొత్తగా చేరిన అమ్మాయి.
ఎవరి అనుమతీ లేకుండా కలిపితే
నేను నిజంగానే మందు పెట్టినదాన్నవుతాను.
నిరాకరించారు, అని రాసి
నేల మీద దొర్లిపోయిన తెల్ల మాత్ర కోసం
మోకాళ్ళ మీద వెతికాను.

ఐదూ ఆరూ ఇద్దరూ బ్లాంచర్డులే.
ఒకరికొకరు ఏమీ కారు.
మార్చిలో ఒక రాత్రి
ఆరో బ్లాంచర్డు ఇన్సులిన్ పట్టుకుని
ఐదో బ్లాంచర్డు పక్కన నిలబడ్డాను.
చేతి పట్టీ చూడబోతుంటే వెనక నుంచి ఎవరో పిలిచారు.
తిరిగాను. జవాబు చెప్పాను. మళ్ళీ ఇటు తిరిగేసరికి
చూసేశాననే అనుకున్నాను.
"నాకు షుగర్ లేదే, పిల్లా" అన్నాడాయన.

అంతే. ఏమీ జరగలేదు.
ఏమీ జరగలేదని రెండు పేజీల ఫారం నింపాను.
పేరు అడగలేదు ఫారం, నేనే రాశాను:
కొండేపూడి సువార్త.
ఆ పేరు పెట్టుకుని
ఒక ఇంటికి దుర్వార్తనయ్యేదాన్ని.

అప్పట్నుంచీ దశాంశ బిందువుని చూస్తే గుండె దడ.
ఆవగింజలో అరవయ్యో వంతు ఉండదు,
అది ఒక్క గడి పక్కకి జరిగితే
మనిషే ఉండడు.
ఏలూరులో మా ట్యూటరమ్మ అనేది,
నర్సుకి హస్తవాసి ఉండాలే అని.
అమ్మా, నేనిప్పుడు హస్తాన్ని నమ్మడం లేదు,
ఎదుటివాళ్ళ మణికట్టు మీది పట్టీని నమ్ముతున్నాను,
అదీ మూడుసార్లు చదివాక.

పది గంటల మందులకి మళ్ళీ వాల్టర్ దగ్గరికి వెళ్ళాను.
"పేరు చెప్పు, పుట్టిన తేదీ చెప్పు" అన్నాడు,
నాకంటే ముందే.
చెప్పాను.
నా మెడలో కార్డు దగ్గరికి లాక్కుని
అద్దాలు పెట్టుకుని తీరిగ్గా సరిచూశాడు.
తర్వాత మూడింట్లో రెండు మింగి
అడక్కుండానే నాలుక ఎత్తాడు.
మూడోది నా అరచేతిలో పెట్టి, "ఇది రేపు" అన్నాడు.

రెండు, అని రాశాను.
మూడోదానికి కారణం అన్న గడి దగ్గర
కలం ఆగింది.
పక్క వార్డులో బెల్లు మోగుతోంది.