టోగా ఎవరు ఉతికిండ్రు?

గోడ గడియారం ఆగి నెల దాటింది.
పుల్లలు పేర్చినట్టున్న దాని అంకెలు చూపించి
ఇది ఎవరి లెక్కరా అని అడిగిన.
"గడియారపు కంపెనోళ్లది టీచర్" అన్నడు ఫర్హాన్.
ఆరో తరగతిల రోమ్ పాఠం అట్ల మొదలైంది,
ఆగిపోయిన పదకొండు గంటల కాడ.

ఉన్న ఒక్క ప్రపంచ పటంల
చెదలు ఇటలీని తిని గ్రీసు మీదికి పోతున్నయి.
అందుకే కాలు చాపి చూపించిన:
ఇగో, బూటేసుకున్న కాలు లెక్క ఉంటది ఆ దేశం.

మనకూ దానికీ ఏం సంబంధం అంటరని
ముందే తయారై వచ్చిన.
హుస్సేన్‌మియా వాగు దాటితే పెద్దబంకూరు,
అక్కడి పాటిగడ్డ తవ్వితే
శాతవాహనుల పైసల నడుమ
రోమ్ రాజు మొఖమున్న పైస గూడ దొరికిందట.
"ఇప్పుడు నడుస్తదా టీచర్?"
మ్యూజియంల నడుస్తది, కూసో.

మిరియాల కోసం ఓడలేసుకొని వచ్చిండ్రని చెప్పిన.
వాళ్ల కూరల మిరపకాయే లేదంటే
క్లాసంత అయ్యో అన్నది.
మన తాతముత్తాతలకు గూడ లేదప్పుడు అంటే
ఒక్కరూ నమ్మలే.
ఉన్నోళ్లు ఒరిగి పండుకొనే బువ్వ తినేదంటే
"మా బాపు గూడ అంతే" అన్నది లహరి.
ఊరంత ఒక్క కాడ తానం చేసేదన్న.
సబ్బు లేదు, నూనె రాసుకొని
వంకర ఇనుపబద్దతోటి మురికి గీక్కునేదన్న.
ఫర్హాన్ అప్పటికే స్కేలు తీసి
పక్కోని చెయ్యి గీకుతున్నడు.

అటెన్క సంచిలకెళ్లి మా మామ దోతి తీసిన.
సాత్విక్‌ను నిలబెట్టి
ఎడమ భుజం మీదికెళ్లి చుట్టిన.
ఇది టోగా. పెద్దమనుషుల బట్ట.
ఓట్లకు నిలబడ్డోడు ఇంకింత తెల్లగ కనపడాలని
సుద్ద రుద్దుకొని బజాట్లకు వచ్చేది.
చేతిల ఉన్న సుద్దముక్క వాని భుజానికి రుద్దిన.
"సర్పంచ్ లెక్కనే ఉన్నడు!"
ఇగ వాడు ఆగుతడా,
బెంచీల నడుమ దండం పెట్టుకుంట తిరిగిండు.
మూడో బెంచీకి నీళ్ల ట్యాంకు,
ఆడపిల్లలకు గొళ్లెం పడే బాత్రూం.
ఆడపిల్లలు చప్పట్లు కొట్టిండ్రు,
ఆటకు కాదని నాకు తెలుసు.

అప్పుడు లేచింది తిరుమల,
హాజరు తప్ప నోరు తెరవని పిల్ల.
"టీచర్, గంత పొడుగు తెల్లబట్ట
ఎవరు ఉతికిండ్రు?"

పుస్తకంల లేదు.
నాకు తెలుసు గని, చెప్పుడా వద్దా అనుకున్న.
చెప్పిన.
వీధి మూలలకు కుండలు పెట్టేది,
వచ్చే పొయ్యేటోళ్ల ఉచ్చ అండ్ల పట్టేది,
తొట్లల పోసి, బట్టలేసి
ఉత్త కాళ్లతోటి తొక్కేది.
చానమంది బానిసలు.
కొందరు మీ ఈడు పిల్లలే.
మళ్ల ఒక తీరు మన్ను పెట్టి రుద్దితే
గప్పుడు వచ్చేది ఆ తెలుపు.

క్లాసు ముక్కు మూసుకొని నవ్వింది.
సాత్విక్ దోతి ఇడిచి దూరం పారేసిండు.
తిరుమల నవ్వలే.
"ఏం మన్ను?" అన్నది.

తెల్లారి ప్రేయర్‌కు ముందే
నా టేబుల్ మీద చిన్న గుడ్డమూట.
"చౌడు టీచర్. సర్ఫు రాకముందు
మా అవ్వ దీంతోనే ఉబ్బకు పెట్టేదట.
వాళ్లది గూడ గిసొంటిదేనా అని అడగమన్నది.
కాళ్లకు పుండ్లు అయ్యేదా అని గూడ
అడగమన్నది."

రాజుల పేర్లు నాకు వరుసగ నోటికొస్తయి.
కాళ్ల సంగతి తెల్వదు.
అడిగి చెప్తనన్న, ఎవర్ని అడుగుతనో తెల్వకుంటనే.

ఆ మాపటికి దోతిని ఎవరికీ వెయ్యలే.
టబ్బుల చౌడు కలిపి, చీర ఎగజెక్కి
నేనే దిగి తొక్కిన.
సుద్ద తొందరగనే పోయింది.
పావుగంటకు పిక్కలు పట్టుకున్నయి.

రేపు తిరుమలకు చెప్పాలె,
పుండ్ల సంగతి ఇంక దొరకలే గని
పిక్కలైతే గుంజుతయని.
అవ్వకు అది తెలిసే ఉంటది.